కుంబిని గుంజకు కట్టిన పడవ

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు షాలో. పడవ పలకల సందుల్లో నూనె దూది కూరే ముసలాయన. చేతిలో పని ఉన్నంతసేపు అబద్ధం ఆడడు. ఆయనకి చెప్పింది బును, ఆ రాత్రి అక్కడున్నవాడు. వాళ్లు చెప్పినట్టే నేనూ చెబుతాను. మసీదు అరుగు మీద కాఫీ తాగుతూ బ్వానాది చెప్పే కథ వేరు. అందులో దెయ్యానికి నడుము దాకా జుట్టు, కళ్లు నిప్పు కణికలు. నా పడవ చుక్కాని వంకర అని ఊరంతా టాంటాం వేసినవాడు కూడా ఆ బ్వానాదే. అంతకు మించి ఇప్పుడు అనను.

ముందు ఆ చోటు సంగతి.

కుంబిని అంటే పీచు గుంటల రేవు. ఊరికి దక్షిణాన, మడ చెట్లు ఆగిపోయేచోట ఉంటుంది. కొబ్బరి డొక్కల్ని అక్కడి ఉప్పు బురదలో పాతి, నెలల తరబడి నానబెట్టి, సముద్రం వెనక్కి తగ్గి నీళ్లు తీసిన వేళ తవ్వుకుని, కర్రతో కొట్టి పీచు తీస్తారు. మా దీవిలో అది ఆడవాళ్ల పని. వాళ్లలో తిమా అవ్వని మించినది లేదు. ఆమె పేనిన మోకు పట్టుకుంటే గరుగ్గా, పిల్లి నాలుకలా ఉండేది. పడవ విరిగి పోవాలేగాని ఆమె తాడు తెగేది కాదు.

తిమా పోయిన ఏడే లామూ పట్నం అంగళ్లలోకి నీలం తాడు వచ్చింది. ప్లాస్టిక్‌ది. నున్నగా మెరుస్తుంది, నీళ్లలో తేలుతుంది, కుళ్లదు, చవక. రంగు చూసి మగాళ్లంతా ఎగబడ్డారు. తాడు కొనేవాడు రంగు చూస్తాడా? బట్ట కొనేవాడు చూస్తాడు. పోయే ముందు తిమా అవ్వ ఒకసారి ఆ తాడు వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది మిమ్మల్ని నిలబెట్టదురా" అంది.

అంతే అంది. అదే శాపం అయి కూర్చుంది.

ఎందుకంటే ఆ తర్వాతే మొదలైంది. కుంబినిలో నీటి అంచున ఓ గుంజ ఉంది. పాత మడ మొద్దు, తరతరాల తాళ్లు రాసుకుని అద్దంలా నున్నబడింది. ఊరి రేవులో నీళ్లు తీస్తే పడవలు బురదలో కూర్చుంటాయి. పొద్దుపోయి వచ్చిన పడవకి లోతు దొరికేది కుంబినిలోనే. అడుగున పగడపు రాయి, లంగరు వేస్తే మళ్లీ చేతికి రాదు. అందుకని గుంజకే కట్టాలి.

రాత్రి కట్టిన పడవ తెల్లారేసరికి ఉండేది కాదు...

ఎదురుగా ఇసుక దిబ్బ మీద పక్కకి ఒరిగి దొరికేది. తాడు ముక్కుకి వేలాడుతూ ఉండేది. కోసిన గుర్తు లేదు, అరిగిన గుర్తు లేదు. ఎవరో పీట వేసుకు కూర్చుని తీరిగ్గా విప్పినట్టు.

పైగా రాత్రిళ్లు చప్పుడు. దబ్... దబ్... పీచు కొడుతున్న చప్పుడు. తిమా అవ్వే దెయ్యమై తిరుగుతోందన్నారు.

ఇంకో విచిత్రం. కొబ్బరి తాడుతో కట్టిన పడవ జోలికి ఎవరూ వెళ్లలేదు. నీలం తాడుతో కట్టినవే పోయేవి.

బ్వానాది సున్నం డబ్బా పట్టుకెళ్లి అక్కడి రాతి మీద రాశాడు: దెయ్యం ఉంది, పడవ కట్టొద్దు. అక్కడితో ఆగినా బాగుండేది. అరుగు మీద కూర్చుని మాట మార్చి, "దెయ్యం తాడు రకం చూసి విప్పుతుందా? కొబ్బరి తాడు అమ్ముకునేవాళ్లు చూస్తారు" అన్నాడు. కొబ్బరి తాడు అమ్ముకునేది ఊళ్లో ఒక్కతే. తిమా కూతురు మిజే.

ఇక ఫమావు. మంచి సరంగు, మంచి నోరు. మంచి నోరంటే పెద్ద నోరు. అంతకుముందు వానల్లో అతని పడవ కూడా అలాగే పోయి, చుక్కాని విరిగి దొరికింది. కోపంలో నలుగురిలో "ఆ మిజే పనే" అనేశాడు. వలలోంచి జారిన చేప, నోట్లోంచి జారిన మాట. ఊరి పెద్దలు శుక్రవారం నమాజు తర్వాత కూర్చుంటామన్నారు. ఫమావు సాక్ష్యం చెబితే మిజే నుంచి పీచు గుంటలు తీసేసుకుంటారు. ఆ గుంటలు పోతే ఆ ఇంట్లో పొయ్యి లేదు.

అప్పుడు ఫమావుకి నిద్ర పట్టలేదు. ఎంత పెద్ద నోరైనా గుండె చిన్నది కాదు.

గురువారం సాయంత్రం బామ్మర్ది బునుని పిలిచాడు. "ఈ రాత్రి కుంబినిలో పడవ కట్టి కాపు కాద్దాం. విప్పేది ఎవరో కళ్లారా చూస్తే గాని నేను పెద్దల ముందు నోరు విప్పను."

"ముందే విప్పావుగా బావా," అన్నాడు బును.

"అందుకే పద."

"నాకెందుకు? పడవ నీది, నోరు నీది."

"మీ అక్క చేపల పులుసు వండింది. గిన్నె పడవలో ఉంది."

బును పడవెక్కాడు.

చీకటి పడ్డాక కుంబిని చేరారు. సన్నటి గాలి. సముద్రం పెద్ద పులి నిద్రపోతున్నట్టు మెల్లగా ఎగిసి పడుతోంది. ఫమావు మోకాలి లోతు నీళ్లలో దిగి, కొత్త నీలం మోకు గుంజకు ఒక చుట్టు చుట్టి, పైన రెండు ముళ్లు వేశాడు. తండ్రి నేర్పిన ముడి, తాత నేర్పిన ముడి. నీళ్లు తీస్తే పడవ వేలాడకూడదని తాడు పొడుగ్గా వదిలాడు. అదీ పద్ధతే. లాగి చూశాడు. రాయిలా ఉంది.

"ఇది విప్పాలంటే దెయ్యానికి కూడా గోళ్లుండాలి," అన్నాడు.

"ఉంటాయంటగా," అన్నాడు బును. "బ్వానాది చెప్పాడు."

ఒడ్డు మీద బోర్లించిన పాత పడవ చెక్క ఒకటి ఉంది. దాని వెనక నక్కారు. పులుసు తిన్నారు. మాటలు తగ్గాయి. చీకటి చిక్కబడింది. చంద్రుడు లేడు. మడ చెట్ల వేళ్ల సందుల్లో పీతలు చిటుకు చిటుకుమంటున్నాయి.

అప్పుడు వినబడింది.

దబ్...

బును చేతిలో గిన్నె ఆగిపోయింది.

దబ్... దబ్...

"గుంటల వైపు నుంచి," గొణిగాడు ఫమావు. "మిజే పీచు కొడుతోంది. చూశావా, ఇక్కడే ఉంది. పని నెపంతో వచ్చి..."

"బావా," అన్నాడు బును. "మిజే ఇల్లు ఇటు. చప్పుడు అటు. మనల్ని దాటకుండా ఎలా వెళ్లింది?"



చప్పుడు ఆగింది. అది ఉన్నప్పటికన్నా ఆగాకే భయం వేసింది. 

అంతలో ఊరి వైపు బాట మీద... వెలుగు.

దీపం. నేలకి జానెడు ఎత్తున ఊగుతూ వస్తోంది. దీపం ఉంది. పట్టుకున్న మనిషి లేడు.

బును ప్రార్థన మొదలెట్టాడు. మధ్యలో మరిచిపోయి మళ్లీ మొదట్నించి మొదలెట్టాడు. ఫమావు అతని నోరు మూశాడు. తన పళ్లు టకటకమంటున్న సంగతి తనకి తెలీదు.

దీపం తిన్నగా గుంజ దగ్గరికి వచ్చింది. ఆగింది. గుంజ మొదట్లో రాతి మీద కూర్చుంది. దాని వెనక చీకటి ముక్కలా ఏదో వంగింది...

ఫమావుకి ఏం తోచిందో ఏమో, లేచి నిలబడ్డాడు. "ఎవరది?"

చీకటి ముక్క కెవ్వుమంది. గంప ఒకటి ఎగిరి వచ్చి బును నెత్తిన పడింది. బును కూడా కెవ్వుమన్నాడు.

"దొంగ వెధవల్లారా, నా డొక్కలు ఎత్తుకుపోవడానికి వచ్చారా?" అంది చీకటి.

మిజే. తల నుంచి కాళ్ల దాకా నల్ల బుయిబుయి ముసుగు కప్పుకుని ఉంది. దీపానికి మనిషి లేకపోవడం కాదు, మనిషి నలుపులో ఉంది.

"నేను... ఫమావుని."

"ఫమావు అన్నా?" గొంతు మారింది. "ఓహో. దొంగ కాదు, సాక్షి. రేపు పెద్దల ముందు చెప్పడానికి ఈ రాత్రి చూడడానికి వచ్చావు. చూడు మరి. నీళ్లు ఎంత తీశాయో ఈ గుంజ దగ్గరే చూసుకుంటాను. ఇప్పుడే తీస్తున్నాయి, డొక్కలు ఇప్పుడే తవ్వాలి. సముద్రం నీకు చెప్పి తీస్తుందా, నాకు చెప్పి తీస్తుందా?"

"నీ గంప నా తల మీదుంది చెల్లెమ్మా," అన్నాడు బును.

"ఉంచుకో. అందం వచ్చింది."

ఫమావు చెక్క వెనక నుంచి వచ్చి, దీపం వదిలేసి దగ్గరికొచ్చిన ఆమెకి ఎదురుగా నిలబడ్డాడు. "మిజే, అల్లా మీద ఆన పెట్టి చెప్పు. పడవలు విప్పుతున్నది నువ్వా?"

మిజే తిట్టలేదు. అదే అతనికి తిట్టులా తగిలింది. "మా అమ్మ పేనిన తాళ్లతో నీ తాత మొంబాసా దాకా వెళ్లొచ్చాడు," అంది. "కట్టడం మా ఇంటి పని అన్నా. విప్పడం కాదు."

 ముగ్గురూ ఒడ్డున, గుంజకి పది అడుగుల దూరంలో. దీపం గుంజ మొదట్లో. దాని వెలుగు సరిగ్గా ముడి మీద పడుతోంది.

ముందు చూసింది బును.

"బావా..." అన్నాడు. వేలు చాపాడు. 

తాడు కొస కదులుతోంది.

ఎవరూ లేరు అక్కడ. గాలి కూడా తగ్గింది. బెత్తెడు పొడవున్న నీలం కొస మెల్లగా, పుట్టలోకి దూరే పాము తోకలా, ముడిలోకి పోతోంది. అల వచ్చింది, పడవ వెనక్కి జరిగింది... కొస కాస్త తగ్గింది. అల పోయింది, తాడు వదులైంది... ముడి నోరు తెరిచింది. మళ్లీ అల. మళ్లీ కాస్త.

మిజే గొంతు తగ్గించి, "అమ్మా," అంది.

అంతే. కొస మాయమైంది. పై ముడి విచ్చుకుంది. కింది ముడి ఒక్క లాగుకి జారిపోయింది. చుట్టు ఒక్కటే మిగిలింది, అది నున్నటి గుంజ మీద తిరిగి ఊడి నీళ్లలో పడింది.

పడవ బయల్దేరింది. మనిషి లేడు, తెరచాప లేదు. ఇంటికి పోతున్నట్టు తాపీగా బయల్దేరింది.

ఫమావుకి భయం ఎగిరిపోయింది. పడవ పోతుంటే సరంగుకి దెయ్యం గుర్తుంటుందా? నీళ్లలో దూకి పరుగెత్తి తాడు అందుకున్నాడు. అందుకుని, జారకుండా చేతికి చుట్టుకోబోయాడు.

"చేతికి చుట్టకు!" మిజే కేక మడ చెట్లు దాటింది.

ఆ కేకకి చుట్టలేదు గనకే ఈనాటికీ అతని వేళ్లు అతని దగ్గరున్నాయి. నీళ్లు తీసే ఒరవడి పడవని లాగింది. తాడు అరచేతుల్లోంచి చర్మం తీసుకుని మరీ జారింది. నీలం తాడు జారితే నిప్పే. ఫమావు అబ్బా అన్నాడు గాని వదల్లేదు, బును వెనక నుంచి వచ్చి తాడు తోక పట్టుకున్నాడు, పడవ ఇద్దర్నీ కలిపి గొర్రెల్లా నీళ్లలోకి ఈడ్చుకుపోతోంది.

"ఇద్దరు మనుషులు పడవతో కుస్తీ పడతారా, ఇలా తెండి," అంది మిజే. బుయిబుయి నడుముకి దోపి దిగి, బును చేతిలోంచి తాడు కొస లాక్కుని గుంజ చుట్టూ తిప్పింది. ఒకటి, రెండు, మూడు. గుంజ కిర్రుమంది. తాడు బిగుసుకుంది. పడవ ఆగింది. ఆమె రెండు వేళ్లతో పట్టుకుని నిలబడింది. బలం ఆమెది కాదు, చుట్లది.

చుట్ల మీద ముళ్లు వేసి, మిగిలిన తాడు ఇసుక మీదికి లాగి, ముగ్గురూ ఒడ్డున కూలబడ్డారు. ఫమావు అరచేతులు ఉప్పు నీళ్లలో ముంచి, తీసి, మళ్లీ ముంచి, ఎటూ తోచక నోట్లో పెట్టుకున్నాడు.

"మనం ముగ్గురం ఇక్కడే ఉన్నాం," అన్నాడు చివరికి. "ముడి అక్కడ విడిపోయింది."

"అమ్మే," అంది మిజే. కళ్లలో నీళ్లు. "ఊళ్లోవాళ్లు అంటుంటే నమ్మలేదు. ఇప్పుడు కళ్లతో చూశాను. ఎందుకమ్మా నా కడుపు కొడతావు..."

బును గంప నెత్తి మీంచి తీసి ఒళ్లో పెట్టుకుని ఆలోచిస్తున్నాడు. అతను ఆలోచించడం అరుదు. అందుకే ఇద్దరూ అటు చూశారు.

"బావా. ఆ ముడి నీకు ఎవరు నేర్పారు?"

"మా నాన్న."

"ఏ తాడు మీద?"

ఫమావు తన నీలం మోకు వైపు చూశాడు. 

గంప కుట్టిన కొబ్బరి తాడు ముక్క పీకాడు బును. తన కాలి బొటనవేలికి ఆ ముడే వేసి ఊపి ఊపి లాగాడు. బొటనవేలు ఎర్రబడింది, ముడి కదల్లేదు. పీచు వెంట్రుకలు ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. తర్వాత నీలం తాడు కొసతో వేశాడు. ఊపాడు. వదిలాడు. ఊపాడు. వదిలాడు. కొస పాములా లోపలికి పోయింది.

ముడి తాతది. తాడు వేరేది. గరుకు తాడుకి చాలిన ముడి నున్న తాడుకి చాలదు. బెత్తెడు కొస దానికి ఏ మూలకి? ఊరి రేవులో పడవ బురదలో కూర్చుంటుంది గనక తాడుకి పరీక్ష లేదు. కుంబినిలో రాత్రంతా తేలుతుంది, తెల్లార్లూ ఊగుతుంది. ఒక్కో అల ముడి విప్పే ఒక్కో వేలు. అద్దంలాంటి గుంజ దానికి తోడు.

"శాపం కాదు," అన్నాడు ఫమావు. "తిమా అవ్వ తాడుని తూచి చెప్పింది. ఇది మిమ్మల్ని నిలబెట్టదు అని. మనం ఆమె చావుని చూశాం గాని మాట వినలేదు."

మిజే కళ్లు తుడుచుకుంది. తుడుచుకుని, ముక్కు చీది, ఫమావుని ఎగాదిగా చూసింది. "రేపు పెద్దల ముందు ఇదే అంటావా, చేతులు మానాక నోరు మళ్లీ పెద్దదవుతుందా?"

"అంటాను. బ్వానాది కూర్చునే పీట కాలికే ముడి వేసి చూపిస్తాను."

"నీలం తాడు పారెయ్యక్కర్లేదు అన్నా," అంది, కాస్త మెత్తబడి. "చుట్లు పెంచు. ముళ్లు పెంచు. కొస మూరెడు వదిలి, దాన్ని అసలు తాడుకి పీచుతో కట్టెయ్యి. నాది కొంటే ఇంకా మంచిది."

"అదిగో, అమ్ముకునేవాళ్లు," అన్నాడు బును. ముగ్గురికీ నవ్వొచ్చింది. భయం దిగాక వచ్చే నవ్వు, ఆగదు.

నవ్వి నవ్వి ఆగాక బును కళ్లు తుడుచుకుంటూ, "ఒక్కటి మాత్రం చెల్లెమ్మా, ఇందాక ఆ దబ్ దబ్‌తో మా ప్రాణాలు తోడేశావు. అటు నుంచి కొడుతూ, ఇటు నుంచి ఎలా వచ్చావు?" అన్నాడు.

మిజే నవ్వు ఆగింది.

"నేను ఇప్పుడేగా ఇంటి నుంచి వచ్చాను," అంది. "కొట్టే కర్ర తేలేదు. ఇవాళ తవ్వడమే, కొట్టడం రేపు."

గుంటల వైపు చీకటి. అక్కడ నీళ్లు తీసేశాయి. బురద మెరుస్తోంది. పీతలు కూడా చప్పుడు చెయ్యడం లేదు.

దబ్...

దబ్... దబ్...

బును గంప మళ్లీ నెత్తిన పెట్టుకున్నాడు.

మిజే మాత్రం భయపడలేదంటాడు షాలో. తల వంచి, చెవి పెట్టి కాసేపు వింది. చాలాకాలం తర్వాత మొదటిసారి ఇంట్లో మనిషి గొంతు విన్నట్టు వింది. తర్వాత దీపం ఎత్తుకుంది.

"పదండి," అంది మెల్లగా. "పిలవకండి. పని మధ్యలో పిలిస్తే ఆమెకి కోపం."

మర్నాడు ఫమావు గుడ్డలు చుట్టిన చేతులతో పెద్దల ముందు చెప్పాడు. పీట కాలికి రెండు తాళ్లూ అదే ముడితో కట్టాడు, పెద్దలే వంతులవారీగా లాగి చూశారు, నీలం తాడు ఊడొచ్చింది, కొబ్బరి తాడుకి బ్వానాది కూర్చున్న పీటే జరిగింది. గుంటలు మిజేకే ఉన్నాయి. ఈనాటికీ ఆమె మోకు కావాలంటే ముందు చెప్పి పెట్టుకోవాలి.

కానీ రాతి మీద సున్నపు రాత అలాగే ఉంది. బ్వానాది చెరపలేదు. చెరపమంటే "వాన చెరుపుతుందిలే" అంటాడు. ఎన్ని వానలు పోయాయి? అది చదివి కొత్త సరంగులు ఇప్పటికీ తిమా పేరు ఎత్తి ఉమ్ముతున్నారు.

అందుకని అడుగుతున్నాను. నా అక్షరాలు వంకర, రాతి మీద నిలవవు. మంచి చెయ్యి ఉన్నవాళ్లెవరైనా అటు వెళ్తే, ఆ రాత గీకేసి, ఇలా రాయండి: తిమా పడవలు విప్పదు. నీలం తాడైతే ఇంకో రెండు చుట్లు, మూరెడు కొస. కింద చోటు మిగిలితే ఇంకో ముక్క కూడా రాయండి. రాత్రి చప్పుడు వినబడితే మాట్లాడకుండా వెళ్లండి, ఆమె పీచు కొట్టుకుంటోంది.